స్నేర్ డ్రమ్ముకు పట్టుచీర కొంగు

నిరుడు హిందూపురంలో ఒక పెళ్లి రిసెప్షన్‌లో మొదటిసారి స్టేజీ మీద డ్రమ్స్ వాయించాను. స్నేర్ డ్రమ్ము గణగణలాడకుండా దాని మీద వేసే రబ్బరు రింగును ధర్మవరం బస్సులోనే మరిచిపోయాను. మొదటి దెబ్బకే అది ఇత్తడి బిందెలా మోగింది. జనం నవ్వారు.

"డ్రమ్స్ వద్దులేమ్మా, దిగిపో," అన్నాడు మా గాయకుడు.

"దిగను. ఒక్క నిమిషం ఆగన్నా," అని డెకరేషన్ వాళ్ల కత్తెర అందుకుని, కట్టుకున్న పట్టుచీర కొంగును జానెడు కత్తిరించాను.

ముందు వరసలో అమ్మ లేచి, "ఏం చేస్తాండావే? అది కొత్త చీర!" అని అరిచింది.

ఆ గుడ్డను మడిచి డ్రమ్ము అంచున టేపుతో అంటించాను. ఈసారి దెబ్బ 'టప్'మని పొడిగా, గట్టిగా పలికింది. గాయకుడు తలూపి పాట ఎత్తుకున్నాడు. పాట అయ్యేదాకా అమ్మ నన్ను తిడుతూనే తాళం వేసింది.

ఆ రోజు దిగిపోయి ఉంటే, మళ్లీ డ్రమ్స్ ముందు కూర్చునేదాన్ని కాదు.