కోదాడకు ముందే చేరిన హెరాల్డ్

మొన్న సూర్యాపేటలో ఒక పెళ్లి ఊరేగింపులో పూలదండలు కప్పుకున్న పాత హెరాల్డ్ కారు కనిపిస్తే, లోపల భోజనానికి పిలుస్తున్నా కదలలేక దాని పక్కనే నిలబడిపోయాను.

అరవైల చివర్లో మిర్యాలగూడలో మా రైస్ మిల్లు ముందు అలాంటి కారే ఉండేది. కొన్నది నాన్న, తోలేది మా అక్క భర్త. ఇటువంటి కార్లు పైదేశాల కొండదారుల్లో ర్యాలీలు గెలిచాయని పేపర్లో చదివినప్పటి నుంచి బావకు కుదురు లేదు. హైదరాబాదు నుంచి బెజవాడకు ర్యాలీ పెడుతున్నారని తెలిసి పేరు ఇచ్చేసి, దారి చెప్పడానికి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. వ్యాపారస్తులకు ఈ పందేలేమిటని బజారంతా నవ్వింది. నాన్న మాత్రం ఒక్కటే మాట అన్నాడు.

"ఉత్త చేతులతోని వస్తే కారు అమ్ముడే."

ర్యాలీ నియమాల కాగితం నా చేతిలోనే ఉంది. కాలేజీ చదివినవాణ్ని కదా, పైపైన చూసి అంతా అర్థమైందన్నాను. సూర్యాపేట దాటి జోరుగా పోతుంటే, కోదాడ ఇంకాస్త దూరం ఉందనగా, మాకంటే ముందు బయల్దేరిన కార్లన్నీ రోడ్డు పక్కన చెట్ల కింద ఆగి ఉన్నాయి. వాటివాళ్లు తీరిగ్గా సిగరెట్లు కాలుస్తున్నారు. బావ వేగం తగ్గించి, వీళ్లెందుకు ఆగారని అడిగాడు.

"బండ్లు సెడిపోయినట్టున్నయ్ బావా, నువ్వు పోనియ్," అని, వాళ్లకు చెయ్యి కూడా ఊపాను.

కోదాడలో టైము రాసుకునే పెద్దమనిషి గడియారం చూసి మమ్మల్ని జాలిగా చూశాడు. "అంత తొందరేంటండీ? ఆలస్యమైతే ఎన్ని మార్కులు పోతాయో, ముందొచ్చినా అన్నే పోతాయి." చెట్ల కింద ఆగినవాళ్లు కాగితంలో తమకిచ్చిన టైము కోసం ఆగారని అప్పుడు తెలిసింది.

బెజవాడలో బహుమతులిచ్చేటప్పుడు మా పేరు పిలవలేదు. ఇంటికొచ్చాక నాన్న ఏమైందని అడిగితే, బావ నా వైపు చూడకుండానే చెప్పాడు.

"తోలింది నేను మామా. తప్పు నాదే."

నేను తల వంచుకుని నిలబడ్డాను. కారు అమ్ముడుపోయింది. ఆ తర్వాత బావ బస్సుల్లోనే తిరిగాడు, నన్ను ఒక్క మాట అనలేదు.

నా తప్పు నాదే, కానీ ఆ పోటీకి పోవడం తప్పని ఈ వయసులోనూ ఒప్పుకోను. వడ్లు తూచే చేతులు స్టీరింగు పట్టకూడదని ఎక్కడ రాసి ఉంది? ఇప్పుడు మా బజారు పిల్లలు బైకు పోటీలకు పోతుంటే తండ్రులే ఫ్లెక్సీలు కట్టిస్తున్నారు. చూస్తే సంతోషం, దాని వెనకే కాస్త కడుపుమంట. ఓడిపోతామని ముందే తెలిసినా మళ్లీ పోతాను, తిరిగొచ్చి ఈసారి నాన్న ముందు నోరు తెరుస్తాను. తోలడానికి బావ లేడు. అడగడానికి నాన్న లేడు.