సప్లై అంటే వడ్డించడం కాదట

మా హోటల్లో సప్లై అంటే వడ్డన. సప్లయర్ అంటే భుజాన తువ్వాలు వేసుకుని, ఒక చేత్తో నాలుగు ప్లేట్లు పట్టుకుని తిరిగేవాడు. ఎనిమిదో తరగతిలో బడి నన్ను వదిలేసిందో, నేనే బడిని వదిలేశానో ఇప్పటికీ తేలలేదు గానీ, ఆ తర్వాత నాకు అబ్బిన ఇంగ్లీషంతా హోటళ్ళలో అబ్బిందే. అందుకే ఆ రోజు పొద్దున్న మా బావ టిఫిన్‌కి వచ్చి, "ఒరే, దీనికి సప్లై ఫిక్సుడ్రా" అన్నప్పుడు నేను నిజంగానే కుళ్ళుకున్నాను.

"అదృష్టవంతులు బావా! నా దగ్గర సప్లైకి కుదిరినోడు మూడు నెల్లు నిలబడ్డు. జీతం అట్టుకుని ఎల్లినోడు మరి రాడు. ఆళ్ళకి ఫిక్స్ అయినోడు ఏ ఊరోడేటి?"

బావ దోశ తుంచబోయి ఆగి నా మొహంలోకి చూశాడు. "మనిషి కాదురా ఎర్రోడా. కాయిన్! ఎన్నుంటాయో ముందే ఖాయం సేసీసినారు, అంతకి మించి రావు."

బావ అంటే మా అక్క మొగుడు. ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టుల ఉద్యోగం, ఉక్కునగరంలో క్వార్టరు. రిటైర్మెంట్ దగ్గరపడింది. రిటైరయితే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. వెళ్ళడానికి వాళ్ళకున్నది సబ్బవరంలో ఒక్క స్థలం. అందులో ఇంకా ఇటుక కూడా పడలేదు గానీ, వంటింటి కిటికీ ఏ వైపు ఉండాలో అక్క ఎప్పుడో తేల్చేసింది. బావేమో ఆ స్థలం అమ్మేసి, ఎవరో కొత్తగా పెట్టిన కాయిన్, అంటే ఫోన్‌లో లెక్క తప్ప చేతికి దొరకని డబ్బు, కొంటానంటున్నాడు. కొనేవాడు కూడా దొరికాడు, వన్‌టౌన్‌లో తాళాల కొట్టున్న సాయిబు. ఆదివారం సాయంత్రం అడ్వాన్సు.

అక్క బావతో మాటలు మానేసింది. షిఫ్టుకు వెళ్ళేటప్పుడు క్యారేజీ కట్టి గుమ్మం దగ్గర పెడుతోంది, అంతే. నాకు ఫోన్ చేసి, "నా మాట ఇన్డు. నీ ఎటకారానికైనా బెదురుతాడేమో సూడు" అంది. నా వెటకారం ఒక పనికొస్తుందని మా ఇంట్లో ఎవరైనా అనడం అదే మొదలు.

"సరే, అసలు ఫిక్స్ ఎందుకు చేశారు? ఎక్కువ చేసుకుంటే ఆళ్ళకే లాభం కదేటి?" అన్నాను, ఎక్కడో ఒక చోట లాగాలని.

బావ ఐటీఐ చదివినవాడు. ఫోన్‌లో వీడియోలు చూసి చూసి ఈ సంగతి మాత్రం నమిలి మింగేశాడు. నా గ్రైండరు వైపు వేలు చూపించాడు.

"పది మందికి సాలినంత పిండుంది. ఇరవై మంది వచ్చినారు. నువ్వేటి సేత్తావు?"

"నీళ్ళు పోత్తాను."

"సిగ్గు లేదు నీకు."

"అడిగినావు, సెప్పినాను."

"అదేరా నాను సెప్తంది. మామూలు డబ్బుకి నీళ్ళు పోసే వీలుంది. అవసరం పడ్డాదని నోట్లు ఎక్కువ కొట్టుకుంటా పోతే, నీ జేబులో ఉన్న నోటు పలసబడిపోద్ది. నువ్వు దాసుకున్నది నీకాడే ఉంటాది, దానికొచ్చే సరుకు తగ్గిపోద్ది. అందుకే ఈ కాయిన్లన్నిటికన్నా ముందొచ్చిన ఆ మొదటి కాయిన్ సేసినోడు రెండు కోట్ల పది లచ్చలు దాటకూడదని రూలులోనే రాసీసినాడు. అయ్యీ ఒక్కసారే రావు. ఇంచుమించు నాలుగేళ్ళకోపాలి కొత్తగా వచ్చేది సగానికి సగం తగ్గిపోతాది."

"రాసినోడే కొట్టేసి మళ్ళీ రాసుకుంటే?"

"కుదర్దు. ఆ రూలు ఒకడి సేతిలో లేదు. లోకం మీద వేల కంప్యూటర్లు ఆ లెక్క సూసుకుంతన్నాయి. ఒకడు తనకని ఓ కాయిన్ ఎక్కువ రాసుకున్నాడనుకో, మిగతావన్నీ అది సెల్లదంటాయి. అందరూ కలిసి ఒప్పుకుంటే తప్ప ఆ రూలు మారదు. ఎవులొప్పుకుంటారు, తన పిండిలో తనే నీళ్ళు పోసుకోడానికి?"

నాకు అర్థమైంది. అర్థమయ్యాక ఇంకా భయం వేసింది, ఎందుకంటే ఆయన చెప్పింది బాగానే ఉంది. వెటకారమే దిక్కయింది.

"బావా, నా నెత్తి మీద జుట్టు కూడా ఫిక్సుడే. కొత్తది రాదు, రోజురోజుకీ తగ్గిపోతంది. మరి కొంటావేటి?"

పక్క బల్ల మీద నైట్ షిఫ్టు దిగి టీ తాగుతున్న ఇద్దరు ఫక్కున నవ్వారు. బావకు కోపం వచ్చింది. "తక్కువున్నంత మాత్రాన ధర రాదని నాకూ తెలుసురా. పదిమందికి కావాలి గూడా. దీనికి జనం ఎగబడతన్నారు. ఆదివారం కాయినోళ్ళ మీటింగుకి నువ్వే వచ్చి సూడు."

వెళ్ళాను. సీతమ్మధారలో ఒక క్లినిక్ పైన ఏసీ హాలు. వెల్లుల్లి కారం వాసన వస్తున్న చొక్కాతో వెనక వరసలో కూర్చున్నాను. కోటు వేసుకున్న కుర్రాయన తెర మీద కాయిన్ బొమ్మ తిప్పుతూ, "లిమిటెడ్ సప్లై" అని ప్రతి మాటకీ అంటున్నాడు. ఆయన అన్నప్పుడల్లా నాకు మా సప్లయర్ చెప్పకుండా మానేసిన రోజులే గుర్తొస్తున్నాయి. బావ తల ఊపుతున్నాడు. నాలో జోకులు అయిపోయాయి. ఆ రోజు సాయంత్రమే అడ్వాన్సు. అక్కకు ఏం మొహం చూపించాలా అని ఆలోచిస్తున్నాను.

చివర్లో ఏమైనా డౌట్లుంటే అడగమన్నారు. నేను లేచాను. పెద్ద తెలివిగా ఏమీ కాదు, హోటలు నడిపేవాడికి ఎప్పుడూ ఉండే బెంగే అడిగాను.

"సార్, జనం ఎక్కువొచ్చేసి మధ్యలో సరుకు అయిపోతే ఎలాగండి? వెనకాలొచ్చినవాళ్ళు గొడవ చెయ్యరా?"

హాలంతా నవ్వారు. ఆయనా నవ్వాడు. పాపం, నన్ను కూడా చేర్చుకుందామనే ఆశతో ఎంతో ఆప్యాయంగా చెప్పాడు. "ఏం టెన్షన్ పడకండి అంకుల్. డిమాండ్ పెరిగితే మా మేనేజ్‌మెంట్ ఇంకొన్ని కాయిన్స్ రిలీజ్ చేస్తుంది. చేసేది మన టీమే కదా. ఇవాళ చేరినవాళ్ళకైతే బోనస్ కాయిన్స్ కూడా ఇస్తున్నాం."

నాకు నిజంగా ఊరట కలిగింది. పోన్లే, సరుకు అయిపోదు అనుకుని కూర్చున్నాను. ఇంతలో నా మణికట్టు మీద ఇనప పట్టు పడింది.

"లెగు" అన్నాడు బావ.

"ఏటి బావా? టీ, సమోసా ఇత్తారట."

"లెగరా ముందు!"

మెట్లు దింపి, రోడ్డు మీద స్కూటర్ దగ్గరికి లాక్కొచ్చాడు. తాళం చెవి బండికి పెట్టి, తిప్పకుండా ఆగాడు. అప్పుడు అన్నాడు, మెల్లగా:

"నీళ్ళు పోత్తారంట్రా."

నాకు అప్పుడు వెలిగింది. లిమిటెడ్ అని తెర మీద రాసుకుని, కుళాయి మాత్రం తమ దగ్గరే పెట్టుకున్నారు. మొదటి కాయిన్‌కి ఉన్న రూలు దీనికీ ఉంటుందని బావ అనుకున్నాడు. పేరు ఒకటే, రూలు వేరు. ఆ మొదటిదైనా మంచిదో చెడ్డదో నాకు ఇప్పటికీ తెలియదు. దాని ధర ఎక్కి దిగే తీరు చూస్తే కైలాసగిరి రోప్‌వే నయమనిపిస్తుంది. కానీ దాన్ని చేసినవాడైనా దాని పిండిలో నీళ్ళు పొయ్యలేడు, అది మాత్రం ఒప్పుకోవాలి.

బావ అక్కడే నిలబడి సాయిబుకి ఫోన్ చేశాడు. నేను వింటుండగానే, "బాయ్, ఏటనుకోకు. స్థలం ఇవ్వలేను. మా బామ్మర్ది అడ్డం పడిపోనాడు" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు ఫోను నా చేతిలో పెట్టాడు.

"ఏమయ్యా, నువ్వేనా అడ్డం?" అంది అవతల గొంతు.

"నానే బాయ్. నాకు చిన్నప్పట్నుంచీ అదే పని."

సాయిబు నవ్వేశాడు. "పర్వాలేదులే భాయ్. ఆ ఇంటావిడ ముఖం చూసిన రోజే అనుకున్నాను. ఆమె దువా, దీవెన లేకుండా కొన్న స్థలంలో గోడౌన్ నిలబడదు. నేను వేరే చూసుకుంటాను" అని పెట్టేశాడు. నా గుండె మీంచి గ్రైండరు రాయి దింపినట్టయింది.

మేం ఉక్కునగరం చేరేసరికి అక్క గుమ్మంలో ఉంది. బావ ఆమెను దాటుకుని లోపలికి పోతూ, "నీ తమ్ముడు అడ్డం పడిపోనాడు. అమ్మట్లేదు" అన్నాడు. అదే వాళ్ళిద్దరి మధ్యా చాలా రోజుల తర్వాత వచ్చిన మాట. అక్క కొంగుతో మొహం తుడుచుకుని, "సేతులు కడుక్కోండి ఇద్దరూను. వంజరం సేప పులుసెట్టినాను" అంది.

నా కంచంలో తలకాయ ముక్క పడింది. మా ఇంట్లో అది ఎప్పుడూ బావకే పడుతుంది. "నువ్వు లేపోతే కొంప కొల్లేరయిపోనురా. ఏటి సెప్పి ఆపినావు?" అంది అక్క. నేను చెప్పి ఆపిందేమీ లేదు. నేను అడిగింది సరుకు అయిపోతే ఎలా అని. బావ కంచంలోంచి తలెత్తి నా వైపు ఒక్క చూపు చూశాడు. ఆ చూపులో బెదిరింపూ ఉంది, బతిమాలుకోవడమూ ఉంది. పుట్టి ఇన్నేళ్ళయ్యాక మొదటిసారి, నాలుక చివరిదాకా వచ్చిన జోకుని పులుసుతో పాటు మింగేశాను.

"ఇంకో గరిట ఎయ్యక్కా" అన్నాను.