మచ్చ లేని ఫొటో

ఇది రాయడం మానేద్దామనే అనుకున్నాను. రాసి మాత్రం ఏం చేయగలను? మస్కట్‌లో మా డచ్ మేడం ఇంట్లో వంట చేసే గోదావరి అమ్మాయి పోయిన నెల పొయ్యి దగ్గరే గుండె ఆగి పోయింది. నలభై దాటినా నాకు అమ్మాయే. నేను ఆ ఇంటి డ్రైవర్ని, నన్ను బాబాయ్ అనేది. మేడంకి వడ్డించకముందే నా వాటా కూర తీసి మూతపెట్టి ఉంచేది.

నాకు బడిచదువు లేదు గానీ మాటలు ఏరుకునే జబ్బుంది. మేడం దగ్గర ఏరుకున్న వాటిలో ఒకటి 'ఒంట్‌సీరెన్'. ఉన్న అందాన్ని చెడగొట్టడం అని. కొండకు అడ్డంగా ప్రకటన బోర్డు పెడితే ఆ మాట, బాల్కనీలో బట్టలారేస్తే ఆ మాట. ఈ ఊళ్ళో కారు మురికిగా ఉన్నా జరిమానాయే. మునిసిపాలిటీ వాళ్ళకి డచ్ భాష వచ్చేమోనని నా అనుమానం. కారు చెడి ఆగిపోతే మాత్రం ఆ మాట వాడరట. అన్నీ బాగానే ఉండాలి, చూపుకే చెడాలి.

ఇది చెబితే మా వంటమ్మాయి తన ఎడమ చెంప చూపించింది. ఇక్కడికొచ్చాక మరిగే నూనె పడ్డ మచ్చ, కంటి కింద నుంచి గడ్డం దాకా.

"అయితే నాదీ అదేనాండీ బాబాయ్?"

"ముందు అందం ఉంటేనే ఆ మాట వాడతారు."

"ఆయ్, అయితే ఉందో లేదో మేడం గారినడిగి ఖాయం చేయండి మరి!" అని నవ్వింది. అంతలోనే, "మా పిల్లకి చెప్పనని మాటివ్వండి. ఏడుస్తాది, వచ్చేయమంటాది" అంది. మచ్చ పడ్డాక ఊరికి వెళ్ళనేలేదు. పంపే ఫొటోలన్నీ కుడివైపు నుంచే.

ఆమె పోయాక కూతురు ఫోన్ చేసింది. "తాతయ్యా, ఫ్లెక్సుకి అమ్మ ఫొటో కావాలండి. నిండు ముఖం కనబడేది."

ఉన్నది లేబర్ కార్డు ఫొటో ఒక్కటే. రువీ బజారులోని ఫొటో స్టూడియో అతను కంప్యూటర్లో చిటికెలో మచ్చ తుడిచేశాడు. "దేఖో చాచా, ఏక్‌దమ్ హీరోయిన్!" అన్నాడు. నాకు మాత్రం అందులో మా అమ్మాయి కనబడలేదు. అయినా మాటిచ్చాను కదా, పంపేశాను. ఊళ్ళో శవపెట్టె తెరిచి ముఖం చూస్తారన్న సంగతి ఈ ముసలి బుర్రకు తట్టలేదు.

పెట్టె ఊరు చేరిన రోజు మళ్ళీ ఫోన్. వెనక ఎవరెవరో అరుస్తున్నారు.

"పెట్టె మారిపోయిందండి తాతయ్యా! ఈవిడెవరో, మా అమ్మ కాదండి. వెనక్కి పంపేద్దామంటున్నారు మావాళ్ళు."

చెప్పక తప్పలేదు. నూనె సంగతి, కుడివైపు ఫొటోల సంగతి, స్టూడియో సంగతి. వెనక అరుస్తున్న వాళ్ళని ఆగమంది.

"బాగా నొప్పెట్టిందాండీ, అప్పుడు?"

"పెట్టింది తల్లీ."

ఫ్లెక్సు దించేసి, మధ్యాహ్నానికి దహనం కానిచ్చారట.