గుమ్మడికాయ ముక్క, పాత్రపూర్ బస్సు

నా చిన్నప్పుడు నాకు జరిగిన అన్యాయాలన్నీ ఇప్పటికీ వరుస తప్పకుండా చెప్పగలను. చెప్పడం మొదలుపెడితే మాత్రం మా ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో పని గుర్తొస్తుంది. మనవరాలికి చదువు, కోడలికి పొయ్యి మీద పాలు. అందుకే ఈసారి రాసి పెడుతున్నాను. ఆ వరుసలో మొదటిది గుమ్మడికాయ ముక్క.

మాది ఆర్యపల్లి. సముద్రం ఒడ్డున పుట్టి మూడు పూటలా చేపే తినే పిల్లకి చేప మీద ఆశ ఉండదు. నాకు గుమ్మడికాయంటే ప్రాణం. మా ఇసకలో అది కాయదు. మా వీధి మొత్తానికి గుమ్మడికాయలు ఉండేది మా ఇంటికి పదిళ్ళ అవతల ఉండే అత్త దగ్గరే. ఎక్కడి నుంచి తెచ్చేదో నాకు తెలియదు కానీ, ఆమె అరుగు మీద ఎప్పుడూ నాలుగైదు కాయలు ఉండేవి. చేపలు తీసుకుని కాయ ఇచ్చేది.

ఒడ్డు నుంచి పెద్ద వల లాగేటప్పుడు తాడు పట్టిన వాళ్ళందరికీ చేపల్లో వాటా ఇవ్వడం మా ఊరి ఆచారం. పిల్లలు పట్టినా ఇస్తారు, కాస్త తక్కువగా. తొమ్మిదేళ్ళప్పుడు మొదటిసారి నేనూ తాడు పట్టాను. నువ్వు తాడు లాగుతున్నావా, తాడే నిన్ను లాగుతోందా అని మా అన్న అందరి ముందూ నవ్వాడు. నా వాటాతో నిండు గుమ్మడికాయ తెచ్చి నీ ముందు పెడతాను చూడమని నేనూ అందరి ముందే చెప్పాను. తేలేకపోతే ఏమవుతుందో మా అన్నతో కలిసి పెరిగిన నాకు బాగా తెలుసు. ఆ మాట నా పెళ్ళిలో కూడా ఎత్తుతాడు.

ఆ రోజు వల నిండిపోయింది. నా వంతుకే గంపెడు నెత్తళ్ళు వచ్చాయి, వేలెడంత చేపలు. ముందు వారం సముద్రం పోటు మీద ఉండి పడవలు కదలనప్పుడు, మా మామ్మ గుప్పెడు చేపలిస్తే ఇదే అత్త సగం కాయ కోసి ఇచ్చింది. గుప్పెడుకి సగమైతే గంపెడుకి ఎన్ని? దారి పొడుగునా లెక్క వేసుకుంటూ వెళ్ళాను. ఇన్ని కాయలు ఇంటికి ఎలా మోయాలా అని కూడా దిగులు పడ్డాను.

అత్త గంపలోకి తొంగి చూసింది. కత్తిపీట ముందుకు లాక్కుని ఒక ముక్క కోసి నా చేతిలో పెట్టింది. అరచేతి వెడల్పు. అందులోనూ సగం గింజలూ పీచూ.

"ఊరంతా నెత్తళ్ళేనే గుంటా. కాకులు కూడా ముట్టడం నేదు, సూడు. నాను కాబట్టి ముక్కయినా ఇత్తన్నాను," అంది.

ఆ ముక్కని ఆమె అరుగు మీదే పెట్టేసి, గంప ఎత్తుకుని వచ్చేశాను. అత్త పిలవలేదు. పిలుస్తుందేమోనని నేను వీధి చివరి దాకా మెల్లగానే నడిచాను. అదొక అవమానం.

మా మామ్మ జన్మంతా చేపల గంప మోసిన మనిషి. నా గోడంతా విని ఒక్క మాట అంది.

"నీ పంతం కోసం సేప ఆగదే. పొద్దోతే కంపు కొడతాది."

ఇసకలో పలచగా పరచి ఎండబెట్టడం చూపించింది. మూడు రోజులు కర్ర పట్టుకుని కాపలా కాశాను. ముట్టనే ముట్టవని అత్త చెప్పిన కాకులన్నీ నా నెత్తళ్ళ మీదికే వచ్చాయి. తీరా ఎండాక చూస్తే మా వీధి వీధంతా అదే పని చేసి కూర్చుంది. ఏ వాకిట్లో చూసినా ఎండుచేపే. ఈసారి ఎండుచేప తీసుకెళ్తే అత్త ముక్క మాట కూడా ఎత్తలేదు. మా అన్న మాత్రం ప్రతి పూటా కంచం ముందు కూర్చుని, గుమ్మడికాయ కూర వడ్డించమని నన్నే అడిగేవాడు.

చివరికి ఒక రోజు మామ్మ నా ఎండుచేపల్ని సంచిలో కట్టి, నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది. రోడ్డు దాకా నడక, అక్కడ బస్సెక్కి బరంపురంలో దిగి పాత్రపూర్ బస్సు. మా సంచి వాసనకి చుట్టూ ఉన్న సీట్లన్నీ ఖాళీ అయ్యాయి. కండక్టరు దూరం నుంచే చెయ్యి చాపి టికెట్టిచ్చాడు. అంత విశాలంగా నేను మళ్ళీ ఏ బస్సులోనూ కూర్చోలేదు.

పాత్రపూర్ దాటి ఒక రైతుల ఊళ్ళో దిగాం. అక్కడ ఏ పాక మీద చూసినా గుమ్మడికాయలే. పశువుల తొట్టిలో కూడా గుమ్మడి ముక్కలు కనిపించాయి. నాకు కళ్ళు తిరిగాయి. మామ్మ "సుఖువా, ఎండుసేప" అని ఒరియాలోనూ తెలుగులోనూ ఒక్క కేక వేసింది. మొదటి ఇంటావిడ చేటతో పరిగెత్తుకొచ్చింది.

"కాయలేటి, ఎన్ని కావాలో ఎత్తుకెల్లండి. ఇంకో దోసెడు సేప మాత్రం ఎయ్యండి. మీ ఊరావిడ ఒకర్తి నెల నెలా తెచ్చీది, కాయకి దోసెడు లెక్కన. ఈ నెల రానేదు," అంది.

ఆ ఊరావిడ ఎవరో అడగక్కర్లేదు. దోసెడు ఎండుచేపకి నిండు కాయ తెచ్చుకుని, నా గంపెడుకి ముక్క ఇచ్చిందా? ఆ ఇంటి ముందే నిలబడి అత్త దొంగ అన్నాను. మామ్మ సంచి మూతి కడుతూ నిమ్మళంగా చెప్పింది.

"దొంగేటే? బస్సెక్కింది, అంతే."

మూడు కాయలతో తిరిగొచ్చాం. ఆ మాట నాకు ఆ దారిలో అర్థమైంది. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా ఒక కాయ సీట్ల కింద దొర్లిపోయేది. చివరికి ఎవరి కాలో తగిలి పగిలింది. రోడ్డు నుంచి ఊళ్ళోకి నడిచేసరికి నా భుజాలు పడిపోయాయి. రెండో కాయని దారిలో కాస్త దూరం తన బండి ఎక్కించుకున్న ముసలాయనకి మామ్మ ఇచ్చేసింది. నన్ను అడగకుండా. అదీ గుర్తే.

మిగిలిన ఒక్క కాయనీ మా అన్న ముందు పెట్టాను. నిండు కాయ. చిన్నదే అన్నాడు. అని, సగం తనకి కోయమన్నాడు. నేను కత్తిపీట దగ్గరికి లాక్కుని అరచేతి వెడల్పున ముక్క కోసి ఇచ్చాను.

"ఇంతేనేటే?" అన్నాడు.

"బస్సెక్కింది నాను," అన్నాను.

ఇప్పుడు బరంపురంలో ఉంటున్నాను. వానలు పట్టి టమాటా ధర పెరిగినప్పుడు కూరల దుకాణంలో ముందు నా గొంతే లేస్తుంది. అంతలో ఆ సంచీ, ఆ దొర్లిన కాయా గుర్తొస్తాయి. ఈ సరుకు ఎక్కడ పశువులు తింటున్నాయో, అక్కడి నుంచి ఎవరు మోసుకొచ్చారో అనుకుంటాను. అనుకుని, సణుక్కుంటూనే కొంటాను. అత్త చెప్పిన ధర కూడా సరైనదేనని ఎప్పుడో ఒప్పుకున్నాను. కానీ కాయ అంతటిలోనూ గింజలూ పీచూ ఉన్న వైపే చూసి మరీ కోసింది. అలా కోయడానికి ఆమె ఏ బస్సూ ఎక్కలేదు. అది మాత్రం నేను మర్చిపోను.