చీర పెట్టి తీసుకున్న పేరు

కోర్టు ఎదురుగా జిరాక్స్ దుకాణం నడుపుతాను. రోజూ నోటీసులు చూసే కళ్లే నావి. అయినా సత్తమ్మ తెచ్చిన నోటీసు చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

'సత్తవ్వ సకినాలు' అనే పేరు ఆమె వాడకూడదట. వాడితే కేసు వేస్తారట. ఇరవై ఏళ్లుగా సిరిసిల్లలో సకినాల సత్తవ్వ అంటే ఈమే. భర్తకు మరమగ్గం మీద వచ్చే కూలి ఇంటి కిరాయికే చాలక, పెళ్లిళ్ల సారెకు సకినాలు చుట్టి పంపడం మొదలుపెట్టింది. ప్రతి గంపకూ తన పేరున్న గులాబీ రంగు చీటీ అంటించనిదే గడప దాటనివ్వదు. ఆ చీటీ చూసే ఇంకో పెళ్లివాళ్లు వస్తారు. అది పోతే పొయ్యి ఆరినట్టే.

నోటీసు పంపింది శ్రీధర్‌రావు. భూములున్న దొర, పెద్ద బజారులో మిఠాయి దుకాణం. మూడేళ్ల కింద దుకాణం తెరిచిన రోజు సత్తమ్మను పిలిచి, భార్య సరళాదేవితో బొట్టు పెట్టించి, ఒడిలో చీర పెట్టించాడు. ఆ వెంటనే ఒక కాగితం ముందుకు జరిపాడు. ఆమె సంతకం చేసింది.

"సదువకుంటనే సంతకం ఎట్ల వెట్టినవక్కా?" అని అడిగాను.

"బొట్టువెట్టి చీర వెట్టినంక, గిదేం కాయిదం అని అడుగుడు మంచిగుంటదా తమ్మీ?"

ఆ పెద్దమనిషి లెక్క కూడా సరిగ్గా అదే. ఆమె పేరు, ఫొటో వాడుకోవడానికి ఒప్పుకున్నట్టు ఆ కాగితం. దాంతో ఆ పేరును తన ట్రేడ్‌మార్కుగా రిజిస్టరు చేయించుకున్నాడు. ప్యాకెట్ల మీద ఆమె ముఖం, లోపల మిషన్ మీద వత్తిన, మాడునూనె వాసన కొట్టే సకినాలు. ఆ ఖాళీ ప్యాకెట్లు బజారు మోరీలో తేలుతుంటాయి.

లాయరు నవీన దగ్గరికి తీసుకుపోయాను.

"ఆయనను వాడుకొమ్మన్నంత మాత్రాన నీ పేరు నువ్వు ఇడిసిపెట్టినట్టు కాదవ్వా. కాని ఆయనకంటె ముందుగాల్నే ఆ పేరుతోని అమ్మినవని రుజువు గావాలె. బిల్లులున్నయా?" అందామె.

నోటిమాట మీద నడిచే పనికి బిల్లులెక్కడివి. గంపల మీది చీటీ కనిపించే పాత పెళ్లి ఫొటోలు ఇమ్మని తిరిగితే, ఆమె చేతి సకినాలు తిన్నవాళ్లే "రావుసాబ్‌తోని మాకెందుకు లొల్లి" అని తలుపులు వేసుకున్నారు. ఛీ, ఏం మనుషులనిపించింది.

మర్నాడు సత్తమ్మ మడత విప్పని ఆ చీర పట్టుకుని రావు దుకాణానికి బయల్దేరింది. నేనూ వెంట వెళ్లాను.

"మీ చీర మీరు దీస్కోండ్రి దొరా. నా పేరు నాకియ్యుండ్రి" అంటూ గల్లాపెట్టె మీద పెట్టింది.

రావు వక్కపొడి నములుతూ నవ్వాడు. "పేరు నీదేనే సత్తవ్వా, ఎవలు గాదన్నరు? రిజిస్ట్రేషన్ నాది. మా దీక్షిత పెండ్లికి గూడ సకినాలు నువ్వే జేస్తివి. గా అభిమానంతోనే నీ పేరు వెట్టిన, సూడు" అని వెనక గోడ చూపించాడు.

గోడ మీద ఆయన కూతురి పెళ్లి ఫొటో, గిరాకీల కంట పడేలా నిలువెత్తున ఫ్రేము కట్టించినది. పెళ్లికూతురి పక్కన సారె గంపలు. గంపగంపకూ గులాబీ రంగు చీటీ. కింద మూలన పెళ్లి తేదీ, దుకాణం తెరవడానికి తొమ్మిదేళ్ల ముందుది.

సత్తమ్మ ఆ చీటీలను, తేదీని చూసి నా వైపు తిరిగింది.

"తమ్మీ, నీ ఫోన్ల జర గా ఫొటో గుంజు. తేదీ గూడ రావాలె."

దొర లేచి అడ్డం వచ్చేలోపే మూడు తీశాను.