చందువాను గెంటేసిన అడ్మిన్

మామగారి ముందు పరువు పోవడం పెద్ద విశేషమేమీ కాదు. కానీ నా పరువు బాపట్ల, రేపల్లె, రెండు ఊళ్ల జనమూ ఫోన్లు పట్టుకుని చూస్తుండగా పోయింది. పోగొట్టుకున్నది కూడా నేనే, నా వేలితోనే. చెబుతాను, మొహమాటపడకుండా నవ్వుకోండి.

బాపట్లలో మా అపార్ట్‌మెంటు వాళ్లకి ఫోన్లో ఒక గ్రూపు ఉంది. దాని అడ్మిన్‌కి తెనాలి బదిలీ అయింది. "ప్రభాకర్‌గారూ, ఇక మీరే చూసుకోండి" అని ఆ పదవి నాకు అంటగట్టి వెళ్లిపోయాడు. చూసుకోవడం అంటే పదిమందికీ పనికొచ్చేలా నడపడం అని ఎవరైనా అనుకుంటారు. నేను కలెక్టరు ఉద్యోగం వచ్చిందనుకున్నాను. కాఫీ కూడా తాగకుండా కూర్చుని నియమాలు రాశాను. ఒకటి, గుడ్ మార్నింగులు, గులాబీ పువ్వులు నిషేధం. రెండు, వ్యాపార ప్రకటనలు నిషేధం. మూడు, అడ్మిన్ మాటకు తిరుగులేదు. "అతిక్రమించినవారు హెచ్చరిక లేకుండా తొలగింపబడుదురు" అని చివర గ్రాంథికంలో ఒక బెదిరింపు కూడా తగిలించాను.

అలా పెట్టానో లేదో, సరిగ్గా నా నియమాల కిందే నోరు తెరుచుకుని ఒక చందువా చేప ప్రత్యక్షమైంది!

ఆ ఫొటో పెట్టింది నాగరత్నం. తెల్లారే నిజాంపట్నం హార్బర్లో వేలంపాట పాడి చేపలు కొని, ఆటోలో మా వీధికి తెచ్చి అమ్ముతుంది. ఆమె తమ్ముడు రేపల్లెలో అమ్ముతాడు. పాత అడ్మినే ఆమెను గ్రూపులో చేర్చాడు. పొద్దున్నే ఆమె ఫొటో పెడితే, ఎవరికేం కావాలో వాళ్లు చెప్పుకునేవారు. నాకు మాత్రం ఆ చేప నన్ను వెక్కిరిస్తున్నట్టే ఉంది. ఒక్క నొక్కు నొక్కాను, నాగరత్నం బయటపడింది. "తీసేశా!" అని పైకే అనేశాను.

"ఎవర్నండీ తీసేశారు?" వంటింట్లోంచి అడిగింది మా ఆవిడ సుజాత.

"చేపలామెను. రూలు రూలే."

"మీకేమన్నా మతి పోయిందా? శనివారం నాన్న వస్తున్నారు!"

అప్పుడు గుర్తొచ్చింది. మామగారు రేపల్లెలో రిటైరైన హెడ్మాస్టరు. పెళ్లయిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా నన్ను మెచ్చుకున్న పాపాన పోలేదు. ఈసారైనా మెప్పిద్దామని, "నాగరత్నం తెచ్చిన చందువాలతో పులుసు పెట్టిస్తాను మామయ్యగారూ" అని ఫోన్లో గొప్పలు పోయి ఉన్నాను.

"పోనీ మార్కెట్లో కొంటాలే" అన్నాను.

"ఐసులో పెట్టిన చేపని నాన్న గుమ్మంలోంచే పసిగడతారు. కొనండి, మీ సరదా ఎందుకు కాదనాలి?"

ఆ వారమంతా నా గ్రూపులో చడీచప్పుడూ లేదు. ఎంత క్రమశిక్షణ నేర్పానో అని మురిసిపోయాను. శుక్రవారం సుజాత గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడేసరికి నాగరత్నానికి ఫోన్ చేశాను.

"నాగరత్నమ్మా, మొన్న పొరపాటున వేలు తగిలింది. మళ్లీ చేరుస్తాలే."

"ఎందుకులెండి బాబూ, నేనే సొంతంగా గ్రూపెట్టుకున్నా. రేపల్లె వాళ్లూ, మీ వాళ్లూ అంతా అందులోనే ఉన్నారండి."

"మా వాళ్లు అంతానా?"

"మీరొక్కరే లేరండి."

క్రమశిక్షణ సంగతి అప్పుడు అర్థమైంది. "నన్నూ చేర్చమ్మా" అని బతిమాలాను.

"చేరుస్తా గానీ, రూల్సున్నాయండి. మీరు రాసినయ్యే. బాగున్నయ్యని అయ్యే ఎట్టేశా."

"వ్యాపారం వద్దన్న రూలు కూడానా?"

"అదొక్కటీ కొట్టేశానండి. లేకపోతే ముందు నన్ను నేనే తీసేసుకోవాలిగా!"

శనివారం తెల్లారింది. ఫొటో వచ్చింది. పళ్లెమంత చందువాలు, వెండిలా మెరిసిపోతున్నాయి! ఆ ఆనందంలో ఒళ్లు తెలియలేదు. "అందరికీ గుడ్ మార్నింగ్. రెండు కిలోలు నాకు" అని కొట్టి, మర్యాదగా ఉంటుందని పక్కన ఒక గులాబీ పువ్వు కూడా పెట్టాను.

అవును, మీరనుకున్నదే జరిగింది. కళ్లు మూసి తెరిచేలోగా గ్రూపు బయట ఉన్నాను.

ఆమె ఫోన్ కలిసేసరికి అరగంట పట్టింది. "నాగరత్నమ్మా, ఇదేం అన్యాయం!"

"రూలు గదండీ బాబూ. హెచ్చరిక లేకుండా అని మీరే రాశారు."

"సరే తల్లీ, నా చందువాల సంగతేంటి?"

"నా కాడియ్యి అప్పుడే అయిపోయినయ్యండి. రేపల్లెలో మా తమ్ముడి కాడ కూడా ఎవరో పెద్దాయన ఉన్నయ్యన్నీ చెప్పేసుకున్నారు."

ఆ పెద్దాయన్ని నోరారా తిట్టుకున్నాను. సుజాత నావైపొక చూపు చూసి కోడిగుడ్లు ఉడకేసింది. ఆ చూపు కన్నా గరిటెతో రెండు వేసినా బాగుండేది.

మిట్టమధ్యాహ్నం బస్సు దిగి మామగారు వచ్చారు. చేతిలో బరువైన సంచీ ఉంది. గుమ్మంలోనే ఆగిపోయారు.

"గుడ్ మార్నింగ్ అల్లుడుగారూ!"

ఎండ నడినెత్తిన ఉంది. నేను నోరు తెరిచి చూస్తున్నాను, మొన్నటి చందువాలాగే.

"లోపలికి రావచ్చునా, లేక తీసేస్తారా?" అన్నారాయన మొహంలో నవ్వనేది లేకుండా.

"మామయ్యగారూ, మీరు కూడా ఆ గ్రూపులో..."

"పొద్దున్నే చూశానండి, మిమ్మల్ని గెంటేశారని. మా అమ్మాయి ఏం వండుతుందో ఏంటోనని దిగులేసి, ఉన్నయ్యన్నీ నేనే కొనుక్కొచ్చా" అంటూ సంచీ నా చేతికిచ్చారు. లోపల శుభ్రం చేసిన చందువాలు!

మామగారు పులుసు మూడుసార్లు వడ్డించుకుని, చెయ్యి కడుక్కుని, పెళ్లయ్యాక మొట్టమొదటిసారి నన్ను మెచ్చుకున్నారు: "రూల్సు మటుకు చాలా బాగా రాశారు అల్లుడుగారూ."

అక్కడికక్కడే, పులుసు చేత్తోనే ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఏ మనిషినీ, ఏ చేపనూ గ్రూపులోంచి తియ్యను. గుడ్ మార్నింగ్ చెప్పాల్సి వస్తే నోటితోనే చెబుతాను, అదీ ముందు అడ్మిన్ అనుమతి తీసుకునే.