పెద్దబాపు అతికించిన పేజీలు

మా చిన్నప్పుడు... ఆదివారం మధ్యాహ్నం, అందరం కలిసుండే నాచారం ఇంటి వరండాలో చాప పరుచుకుని పెద్దబాపు కథలు చదివేవాడు. పెద్దబాపు అంటే మా నాన్న వాళ్ల అన్న. ఫ్యాక్టరీలో పని, వారానికి ఒక్క సెలవు. ఆ సెలవు పిల్లలం మాదే.

ఆయన చదివే పుస్తకం దుకాణంలో కొన్నది కాదు. వారపత్రికల్లో తెలుగు చేసి వేసే అరబ్బు కథలు, పారశీక కథలు, మన దేశపు పాత కథలు... ఆ పేజీలన్నీ కత్తిరించి దాచి, ఉప్పల్‌లో నీలం అట్టతో బైండు చేయించాడు. ఆ కథలు వింటుంటే మా వీధి చివర దుమ్ములో ఆగిన లారీలు నాకు ఒంటెల బారులా కనిపించేవి.

కానీ ఒక చోట రెండు ఆకులు మైదా జిగురుతో అతికించి ఉండేవి.

"ఇదేంది పెద్దబాపు?" అని ఒకసారి అడిగాను.

"గది ఆడపిల్లలు సదివేది కాదు. పోయి బియ్యం ఏరుపో."

ఆయన కొడుకు సుధాకరన్న పక్కనే వరండా అంచున కాళ్లూపుతూ కూర్చున్నాడు. అతికించక ముందే పెద్దబాపు ఆ పేజీలు అన్నకు చదివి వినిపించాడట. "నాకెర్కే. నీకు జెప్ప" అని ఏడిపించేవాడు.

బియ్యం ఏరుతూ ఆ పేజీల్లో ఏముంటుందో ఎన్ని రకాలుగా ఊహించానో... సిగ్గుపడాల్సింది ఏదో ఉందనుకున్నాను. అడగడమే తప్పనుకున్నాను.

పోయిన నెల పెద్దమ్మ నాచారం ఇల్లు సర్దుతూ నన్ను పిలిచింది. పెద్దబాపు పోయి చాలా ఏళ్లయింది. పుస్తకాన్ని పాత పేపర్ల బండికి వేయబోయి ఆగిందట. "నీకు దీని మీద పానం గద, తీస్కపో బిడ్డా" అంది.

ఏ పనైనా వరుసగా చేయడం నాకు అలవాటు. ఉప్పల్‌లో మా ఇంటికి తెచ్చుకుని ముందు దుమ్ము దులిపాను, నీడలో ఆరబెట్టాను. తర్వాత ఇడ్లీ పాత్రలో నీళ్లు మరిగించి, ఆ రెండు ఆకులను ఆవిరికి పట్టి, పలుచటి అట్లకాడతో మెల్లగా విడదీశాను. అక్కడక్కడ అక్షరాలు పోయాయి గానీ చదవొచ్చు.

సిగ్గుపడాల్సింది ఒక్క ముక్క లేదు.

అది పారశీక కథ. రాజు ఒక వర్తకుడి కూతురిని పెళ్లాడతానని కబురు పంపుతాడు. ఆమెను అడగకుండానే తండ్రి మాట ఇచ్చేస్తాడు. పల్లకీ గుమ్మం ముందుకు వస్తుంది. ఆ పిల్ల బయటికి వచ్చి, "మాట ఇచ్చింది మా నాన్న. ఆయన్నే ఎక్కించుకుపోండి" అంటుంది. ఒంటె ఎక్కి, దారిన పోయే వర్తకుల బిడారుతో వెళ్లిపోతుంది.

అంతే.

నా ఇంటర్ పరీక్షలు కాగానే, డిగ్రీలో చేరతానని నేను అంటుండగానే, ఇంటి పెద్దగా పెద్దబాపు ఒక ఇంటికి నా పెళ్లి మాట ఇచ్చి వచ్చాడు. "నేను మాటిచ్చిన. ఇగ దాని మీద ఏం మాట్లాడొద్దు" అన్నాడు. తలొంచుకున్నాను. మా ఆయన మంచివాడే, ఆ సంగతి వేరు. ఆ రోజు తిరిగి అనడానికి నా దగ్గర ఒక్క మాట లేకపోయింది. ఆ మాట మా ఇంట్లోనే, మా అల్మారాలోనే ఉంది... మైదా పూసి.

పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు. వంట చేస్తున్నా, బట్టలు మడతపెడుతున్నా నాకైతే తగ్గడం లేదు.

సుధాకరన్నకు ఫోన్ చేసి ఆ కథ గుర్తుందా అని అడిగాను.

"ఏ కథనే చెల్లె? నాకేం యాదికి లేదు. బాపు సదువుతుంటే నిద్రొస్తుండె" అని నవ్వాడు.

ఫోన్ పెట్టేశాను. నాకు దక్కకుండా దాచి, చదివి వినిపించింది ఎవరికి? నిద్రపోయినవాడికి.

డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి చేతికి ఆ పేజీలు ఇచ్చాను. నిలబడే చదివేసింది. "ఇందులో దాచాల్సింది ఏముంది మమ్మీ?" అంది. ఆ ప్రశ్న ఒకప్పుడు నేనూ అడిగాను... బియ్యం చాట చేతికిచ్చారు.

ఇప్పుడు ఏ కథ కావాలన్నా ఫోన్‌లో దొరుకుతుంది. ఎవరూ అతికించలేరు. కానీ ఆదివారం వరండాలో చదివి వినిపించే గొంతు లేదు... ఇంత జరిగాక కూడా ఆ గొంతు నాకు కావాలి. అలా కావాలనిపించినందుకే ఇంకా ఎక్కువ కోపం.

మీ ఇళ్లలోనూ ఇలా అతికించిన పేజీలుంటే చెప్పండి. తొందరపడి లాగితే చిరుగుతాయి... ఇడ్లీ ఆవిరికి మెల్లగా ఊడి వస్తాయి.